అడగండి, చెబుతాం: తిత్తి వాద్యమూ, గళ్ళ బట్టలూ, స్కాట్లండ్ కవాతూ

ఆగస్టు వచ్చిందంటే స్కాట్లండ్‌లో పైప్ బ్యాండ్ల కాలం వచ్చినట్టే. ఎడిన్‌బరో కోట ముందు సైనిక ప్రదర్శనలు, గ్లాస్గోలో ప్రపంచ స్థాయి పోటీలు ఆ నెలలోనే జరుగుతాయి. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఇళ్ళకు పంపే వీడియోల పుణ్యమా అని, ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్యాగ్‌పైప్ అనే ఆ తిత్తి వాద్యం గురించీ, కిల్టు అనే ఆ గళ్ళ కుచ్చిళ్ళ దుస్తుల గురించే ఉన్నాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, విషయం ఎక్కువున్న చోట కాస్త విస్తరించి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఎడిన్‌బరోలో చదువుతున్నాడు. వాడు పంపిన కవాతు వీడియోలో ఆ వాద్యం మొదలయింది మొదలు ఆగే దాకా ఒకటే హోరు. వాయించేవాళ్ళు ఊపిరి తీసుకునేటప్పుడైనా శబ్దం ఎందుకు ఆగదు? మన సన్నాయికీ దానికీ ఏమైనా చుట్టరికం ఉందా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఆగకపోవడానికి కారణం వాయించేవాడి చంకలో ఉన్న తిత్తి, అమ్మా. సన్నాయి విద్వాంసుడి ఊపిరికీ పీకకూ మధ్య అడ్డమేమీ ఉండదు. బ్యాగ్‌పైప్‌లో మాత్రం ఊపిరి ముందుగా తిత్తిలోకి పోయి, అక్కడి నుంచి గొట్టాలకు పంచబడుతుంది. ఊదే గొట్టం చివర గాలిని లోపలికి పోనిచ్చి వెనక్కి రానివ్వని చిన్న మూత ఉంటుంది. పైపర్ ఊపిరి పీల్చుకునే క్షణంలో తిత్తిని చేత్తో ఒత్తుతాడు, ఊదుతున్న క్షణంలో ఆ ఒత్తిడిని సడలిస్తాడు. ఊదడానికీ ఒత్తడానికీ మధ్య గాలి బలం వెంట్రుకవాసి కూడా మారకుండా చూసుకోవడమే ఈ విద్యలో మొదటి కష్టం. అది కుదరని కొత్తవాళ్ళ వాద్యం తప్పిపోయిన మేకపిల్ల అరుపులా ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

చుట్టరికం మాటకొస్తే, వరస కలపడానికి తగినంత సామ్యం ఉంది. వేళ్ళు ఆడే గొట్టాన్ని చాంటర్ అంటారు. దాని లోపల ఉండేది మన సన్నాయి పీక వంటి జంట నాలుకే. భుజం మీదికి లేచి కనిపించే మూడు గొట్టాలు శ్రుతి గొట్టాలు. వాటిలో రెండు చాంటర్ షడ్జానికి ఒక స్థాయి కిందా, పొడవైన మూడోది రెండు స్థాయిల కిందా షడ్జాన్నే పట్టి ఉంచుతాయి. పంచమం ఉండదు. అంటే నాదస్వరం పక్కన ఒత్తు ఊదే మనిషి చేసే పనిని ఇక్కడ వాయించేవాడే తన భుజం మీద మోస్తున్నాడన్నమాట. మేకతోలును నిలువునా ఒలిచి కుట్టిన సంచితో శ్రుతి పట్టే వాద్యం మన పల్లె కళాకారుల దగ్గరా ఉండేది. దాన్ని తిత్తి అనే పిలిచేవారు.

సంగీతం తెలిసిన పాఠకుల కోసం మరొక మాట. చాంటర్ మీద పలికేవి తొమ్మిదే స్వరాలు: మంద్ర నిషాదం నుంచి తార షడ్జం దాకా. మధ్యలో చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం వస్తాయి కనుక ఆ వరస మన హరికాంభోజికి చాలా దగ్గర. శ్రుతి మాత్రం మన గాయకులు ఎవరూ పాడలేనంత పైన, ఆరున్నర దాటి ఉంటుంది. ఆ తొమ్మిది స్వరాలనూ బిగ్గరగా, మెల్లగా అని తేడా చూపించి పలికించడానికి వీల్లేదు, స్వరానికీ స్వరానికీ మధ్య విరామం ఇవ్వడానికీ వీల్లేదు. మరి ఒకే స్వరాన్ని వరుసగా రెండుసార్లు పలకాలంటే ఎలా? మధ్యలో మరో స్వరాన్ని రెప్పపాటు కంటే తక్కువ సేపు తాకించి, మొదటిదాన్ని తుంచుతారు. ఒక్కొక్కచోట ఇలాంటి తుంపులు నాలుగైదు గుత్తిగా వస్తాయి. మన స్ఫురితంతో పోల్చాలనిపిస్తుంది గాని, ఇక్కడి ఉద్దేశం స్వరాన్ని అలంకరించడం కన్నా దాన్ని విడదీయడం. ఇరవై మంది పైపర్లు ఆ తుంపును ఒకే క్షణంలో తుంచగలిగితేనే దాన్ని బ్యాండ్ అంటారు.

మీ అబ్బాయి పంపిన వీడియోలో మొదటి కొన్ని సెకన్లను మరోసారి చూడండి. ఆజ్ఞ వినపడగానే పక్క డ్రమ్ముల మీద రెండు చిన్న రోల్స్ మోగుతాయి. ఆ వ్యవధిలోనే తిత్తులన్నీ ఒక్కసారిగా చేతి కింద బిగిసి, ముందు శ్రుతి గొట్టాలు మేల్కొంటాయి, వెంటనే చాంటర్లన్నీ ఒకే పంచమం మీద నిలుస్తాయి. ఆ తర్వాతే పాట, ఎడమ కాలి అడుగు. ఒక్క పైపర్ చాంటర్ అరక్షణం ముందు కూసినా పెరేడ్ మైదానమంతా వినిపిస్తుంది.

ప్రశ్న: 1746లో కల్లోడెన్ యుద్ధం తర్వాత బ్యాగ్‌పైప్‌ను చట్టం చేసి నిషేధించారనీ, బ్రిటిష్ సైన్యమే దాన్ని బతికించిందనీ చదివాను. ఇది ఎంతవరకు నిజం?
– ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: మాష్టారూ, ఈ వాక్యంలో మొదటి సగం నిజం కాదు, రెండో సగం పూర్తి నిజం కాదు. కాని రెంటికీ వెనక ఉన్న కథ ఆ వాక్యం కంటే రుచికరమైనది.

1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానంలో స్టువర్ట్ రాజవంశ పక్షపాతులైన జాకోబైట్ల సేన ఓడిపోయింది. ఆ తిరుగుబాటుకు అండగా నిలిచిన హైలాండ్స్ (స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమ) తెగల నడుం విరవడానికి ప్రభుత్వం చేసిన చట్టాల్లో ఒకటి, 1747 ఆగస్టు 1 నుంచి మగవాళ్ళెవరూ కిల్టు మొదలైన హైలాండ్ దుస్తులు వేసుకోకూడదని శాసించింది. మొదటి తప్పుకు 6 నెలల ఖైదు, రెండోసారి దొరికితే 7 ఏళ్ళ ప్రవాస శిక్ష. ఈ నిషేధం 1782 దాకా అమలులో ఉంది. అయితే ఆ శాసనంలో బ్యాగ్‌పైప్ ప్రస్తావన ఎక్కడా లేదు. నిషేధం కథ పుట్టడానికి ఆధారమనదగిన సంఘటన వేరొకటి ఉంది. తిరుగుబాటుదారుల వెంట వాయించిన జేమ్స్ రీడ్ అనే పైపర్‌ను యార్క్‌లో విచారించినప్పుడు, తాను ఆయుధం పట్టలేదని అతను వాదించాడు. హైలాండ్ పటాలం ఏదీ పైపర్ లేకుండా నడవదు కాబట్టి ఆ వాద్యం యుద్ధ పరికరమేనని న్యాయస్థానం తేల్చింది. 1746 నవంబరులో అతన్ని ఉరితీశారు. ఒక మనిషికి పడ్డ శిక్ష కాలక్రమంలో ఒక వాద్యానికి పడ్డ శిక్షగా జనం నోళ్ళలో మారిపోయింది.

వాద్యానికి అసలు దెబ్బ చట్టం వల్ల కాక, పోషకులు పోవడం వల్ల తగిలింది. మన దగ్గర సంస్థానాలు పోయాక ఆస్థాన విద్వాంసులకు పట్టిన గతే అక్కడ తెగ నాయకుల పైపర్లకు పట్టింది. స్కై దీవిలో డన్‌వేగన్ కోట అధిపతులైన మెక్‌లాయిడ్లకు మెక్‌క్రిమన్ కుటుంబం తరతరాలుగా పైపర్లు. బోరెరేగ్ అనే పల్లెలో వారి గురుకులం నడిచింది. అక్కడ నేర్పింది కవాతు పాటలు కావు. నెమ్మదిగా ఒక మూల వరసను తీసుకుని, దాన్ని విడత విడతకూ విస్తరిస్తూ పది పదిహేను నిమిషాలు సాగించే పెద్ద సంగీతం. గేలిక్ భాషలో దాని పేరే ‘పెద్ద సంగీతం’. కాగితం మీద రాత లేకుండా, ‘హిహారిన్, హోడిన్’ వంటి పలుకులతో నోటి నుంచి నోటికి దాన్ని అందించారు. జతులు నోటితో చెప్పి మృదంగం నేర్పే పద్ధతి తెలిసిన మనకు ఇది వింతగా తోచదు. నాయకుల అధికారాలను రద్దు చేశాక, ఈ విద్వాంసులను కూర్చోబెట్టి పోషించేవారు కరువయ్యారు.

ఆ ఖాళీలోకి సైన్యం వచ్చింది. హైలాండ్స్ కాపలాకు 1725లో ఏర్పడిన దళాలను కలిపి 1739లో ఒక పటాలం చేశారు. అదే బ్లాక్ వాచ్. దుస్తుల నిషేధం సైనికులకు వర్తించలేదు కనుక కిల్టూ పైపూ సైన్యంలో నిక్షేపంగా ఉన్నాయి. అయినా పైపర్‌కు చాలాకాలం అధికారిక హోదా లేదు. అధికారులే తమ జేబుల్లోంచి జీతమిచ్చి, లెక్కల్లో డ్రమ్మరుగానో మామూలు సిపాయిగానో చూపించేవారు. 1854లో గాని ప్రతి హైలాండ్ పటాలానికీ పైపర్లకు పెద్ద అయిన పైప్ మేజర్ ఒకరూ, ఐదుగురు పైపర్లూ ఉండవచ్చని యుద్ధ శాఖ ఒప్పుకోలేదు. పైపులనూ డ్రమ్ములనూ కలిపి నడిపించే బ్యాండ్ రూపం ఆ దరిదాపుల్లోనే స్థిరపడింది. మనం సనాతనమని అనుకునే ఈ దృశ్యం వయసు, నిజానికి మన రైలుమార్గాల వయసంత.

సైన్యం బతికించిందనే మాటను పూర్తిగా ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. సైన్యానికి కావలసింది అడుగు కలిపే పాట. పదిహేను నిమిషాల పెద్ద సంగీతానికి అడుగు వేయలేం. కవాతుకు మార్చ్‌లు, నాట్యానికి స్ట్రాత్‌స్పేలు, రీళ్ళు వంటి చిన్న సంగీతానికి సైన్యం కొత్త ఊపిరి పోసింది. పెద్ద సంగీతాన్ని కాపాడింది మాత్రం ఎక్కువగా పోటీలూ, కొందరి పట్టుదలా. లండన్‌లోని హైలాండ్ సొసైటీ 1781లో ఫాల్కర్క్‌లో మొదటి పైపర్ల పోటీ జరిపించింది. అంతకు ముందే, 1760 ప్రాంతంలో, జోసెఫ్ మెక్‌డొనాల్డ్ అనే యువకుడు ఈ వాద్యపు శాస్త్రాన్ని మొదటిసారిగా గ్రంథస్థం చేశాడు. అతను ఈస్టిండియా కంపెనీ కొలువులో మన దేశానికి వచ్చి, పాతికేళ్ళు నిండకుండానే ఇక్కడే కన్నుమూశాడు. ఆ రాతప్రతి అచ్చయింది 1803లో. ఈ వాద్యపు తొలి లక్షణ గ్రంథం కథలో మన దేశపు మట్టీ ఉందని మీ విద్యార్థులకు చెప్పవచ్చు.

ప్రశ్న: మాది చేనేత కుటుంబం. వీడియోల్లో ఆ టార్టాన్ గళ్ళు చూస్తే మా లుంగీల గళ్ళే గుర్తొచ్చాయి. వేల ఏళ్ళుగా ప్రతి వంశానికీ ఒక గళ్ళ నమూనా ఉందని అంటారు, నిజమేనా?
– ఒక నేత కార్మికుడు, చీరాల

జవాబు: మీ కంటికి కనిపించిన పోలిక సరైనదే, తేడా మీ చేతికి తెలుస్తుంది. లుంగీ సాదా నేత, పేక ఒక పడుగు పోగు పైనుంచీ ఒక పోగు కిందనుంచీ పోతుంది. టార్టాన్ ఉన్ని బట్ట, వాలు నేత. పేక రెండు పోగుల పైనుంచి, రెండు పోగుల కిందనుంచి పోతూ ప్రతి వరుసకూ ఒక పోగు పక్కకు జరుగుతుంది. అందుకే బట్టను దగ్గరగా పట్టుకుని చూస్తే, ఆకుపచ్చ పడుగు మీద నీలం పేక దాటిన గడిలో రంగు కలిసిపోకుండా, సన్నని ఏటవాలు గీతలు కనిపిస్తాయి. రంగుల వరుస పడుగులో ఎలా ఉంటుందో పేకలోనూ అలాగే ఉంటుంది. సాధారణంగా ఒక చోటికి వచ్చాక అద్దంలో చూసినట్టు వెనక్కి తిరుగుతుంది.

ఒక కిల్టుకు దాదాపు 8 గజాల బట్ట, అంటే 7 మీటర్లకు పైగా పడుతుంది. ముందు భాగం చదునుగా ఉండి, మిగిలినదంతా వెనక కుచ్చిళ్ళలోకి పోతుంది. సైనిక కిల్టును పోల్చుకోవడానికి ఒక చిన్న గుర్తు చెబుతాను. మామూలు జనం కిల్టుల్లో కుచ్చిళ్ళు పెట్టాక కూడా వెనక గళ్ళ నమూనా చెదరకుండా కనిపించేలా మడత వేస్తారు. సైనిక పద్ధతిలో ప్రతి మడత అంచునా ఒకే గీత వచ్చేలా మడుస్తారు. దళం నడుస్తున్నప్పుడు ఆ గీతలన్నీ ఒకే తూగులో ఊగుతాయి. మన ఇళ్ళలో చీర కుచ్చిళ్ళు సరిచేసుకునే స్త్రీలకు ఇందులోని శ్రమ చప్పున అర్థమవుతుంది.

ఇక వంశానికో నమూనా అనే మాట. గళ్ళ బట్ట అక్కడ చాలా పాతదే. కాని ఫలానా గడి ఫలానా వంశానిదని కచ్చితంగా పంచి పెట్టింది ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దం. అంతకు ముందు ఆయా ప్రాంతాల నేతగాళ్ళ అలవాటు, దొరికే రంగులు, కొనేవాడి ముచ్చట, ఇవే లెక్క. బానక్‌బర్న్‌లోని విల్సన్స్ అనే నేత సంస్థ పటాలాలకు బట్ట సరఫరా చేస్తూ, నమూనాలను అంకెలతో గుర్తుపెట్టుకునేది. తర్వాత వాటిలో కొన్నింటికి ఊళ్ళ పేర్లు, వంశాల పేర్లు వచ్చి చేరాయి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు, ఆ సంబరాలను నడిపిన నవలా రచయిత వాల్టర్ స్కాట్ అందరినీ టార్టాన్‌లో రమ్మన్నాడు. తమ వంశపు గడి ఏదో తెలియని పెద్దమనుషులు దుకాణాలకు పరుగెత్తారు. తర్వాత ఇద్దరు అన్నదమ్ములు పాత రాతప్రతి దొరికిందంటూ 1842లో వంశాల నమూనాల పుస్తకం ఒకటి అచ్చువేయించారు. ఆ రాతప్రతి కల్పితమని తేలినా, అందులోని గళ్ళు కొన్ని ఇప్పటికీ వంశ చిహ్నాలుగా చలామణీ అవుతున్నాయి. 2009 నుంచి స్కాట్లండ్‌లో టార్టాన్లకు ప్రభుత్వ నమోదు పట్టిక ఉంది. కొత్త నమూనా సృష్టించి ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. దీనివల్ల టార్టాన్ విలువ తగ్గిందని నేననుకోను. అబద్ధంతో మొదలైన ఆచారమైనా రెండు వందల ఏళ్ళు శ్రద్ధగా పాటిస్తే ఆచారమే అవుతుంది.

ప్రశ్న: పైపర్లు నిజంగానే యుద్ధంలో అందరికన్నా ముందు నడిచేవారా? చేతిలో ఆయుధం లేకుండానా?
– ఒక మాజీ సైనికుడు, కడప

జవాబు: నడిచేవారండీ. తుపాకుల మోతలో మాట వినిపించని చోట, పైపు గొంతు వినిపించేది. తమవాళ్ళు ఎక్కడున్నారో దాన్నిబట్టి పొగలో కూడా తెలిసేది. 1815లో వాటర్లూలో కెనెత్ మెకే అనే పైపర్, తన పటాలం చతురస్రంగా నిలబడి ఫ్రెంచి ఆశ్వికదళాన్ని ఎదుర్కొంటుంటే, ఆ చతురస్రం బయటికి వచ్చి దాని చుట్టూ తిరుగుతూ వాయించాడు. 1897 అక్టోబరు 20న ఇప్పటి పాకిస్తాన్ వాయవ్య సరిహద్దుల్లోని దర్గాయి కొండ మీద గోర్డన్ హైలాండర్ల దాడిలో జార్జి ఫిండ్లేటర్ కాళ్ళకు గుళ్ళు తగిలి కూలబడి, కూర్చున్న చోటి నుంచే వాయించాడు. అతనికి బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ తర్వాత పొట్టకూటికి వినోదశాలల్లో ఆ వాద్యాన్నే వాయిస్తే మాత్రం పైఅధికారులకు నామోషీ అనిపించింది. పతకమిచ్చినవాళ్ళకు అతని పెన్షను ఎంతో తెలియదా అని అడగాలనిపిస్తుంది.

1915 సెప్టెంబరు 25న ఫ్రాన్సులోని లూస్ దగ్గర, తమ పక్షం వదిలిన విషవాయువు తమ మీదికే తిరిగి, సైనికులు కందకం దాటడానికి తటపటాయిస్తున్నప్పుడు, డేనియల్ లెయిడ్లా కందకం గట్టు మీదికెక్కి వాయిస్తూ నడిచాడు. ఆయనకూ విక్టోరియా క్రాస్ ఇచ్చారు. కాని మరతుపాకుల కాలంలో ముందు నిలబడి వాయించే మనిషి శత్రువుకు తేలిక గురి. పైపర్ల ప్రాణనష్టం చూసి, రెండో ప్రపంచ యుద్ధంనాటికి వారిని ముందు వరుసలో వాయించనివ్వకూడదని యుద్ధ శాఖ నిర్ణయించింది. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో కమాండో దళాధిపతి లార్డ్ లోవట్ ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టి, 21 ఏళ్ళ బిల్ మిల్లిన్‌ను వాయించమన్నాడు. అది ఇంగ్లీషు యుద్ధ శాఖ నిబంధన, మనం స్కాట్లం కదా అన్నాడట. మిల్లిన్ ఒంటిమీద తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో కట్టిన కిల్టు ఉంది. మేజోడులో దోపుకున్న చిన్న కత్తి తప్ప మరో ఆయుధం లేదు. పిచ్చివాడనుకుని కాల్చలేదని జర్మన్ బందీలు తర్వాత చెప్పారని మిల్లినే చెప్పేవాడు.

ఈనాడు మీరు కవాతులో చూసే పటాలపు పైపర్లు కూడా ముందు సైనికులు, ఆ తర్వాతే వాద్యకారులు. సైన్యపు ఇత్తడి వాద్య బృందాల వారి కొలువు సంగీత విభాగంలో. పైపులూ డ్రమ్ములూ వాయించేవారు మాత్రం పటాలంలోని పదాతి సైనికులే, రణరంగంలో చాలామంది మరతుపాకి దళంలో పనిచేస్తారు.

ప్రశ్న: ఎడిన్‌బరో కోట ముందు జరిగే ఆ సైనిక ప్రదర్శనను ‘టాటూ’ అంటారేమిటి? పచ్చబొట్టుకూ దానికీ ఏం సంబంధం? ముందు నడుస్తూ పొడవాటి కర్ర తిప్పే ఆయన ఎవరు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఏ సంబంధమూ లేదు, తల్లీ. పచ్చబొట్టుకు వాడే మాట పసిఫిక్ దీవుల నుంచి వచ్చింది. ఈ టాటూ డచ్చి మాట. పదిహేడో శతాబ్దంలో డచ్చి ఊళ్ళలో దళాలు విడిది చేసినప్పుడు, రాత్రి వేళ డ్రమ్ము మోగిస్తూ వీధుల్లో తిరిగి, సారా పీపాల కుళాయిలు కట్టేయమని దుకాణదారులకు చెప్పేవారు. ‘కుళాయి కట్టెయ్’ అనే ఆ పిలుపే సిపాయిలు బసకు చేరాలనే సంకేతమై, చివరికి ప్రదర్శన పేరైంది. ఎడిన్‌బరో సైనిక టాటూ 1950లో మొదలైంది. ఇప్పుడు ఒక్కో రాత్రి ఎనిమిది వేలకు పైగా జనం కూర్చుని చూస్తారు. చివర్లో దీపాలన్నీ ఆర్పి, కోట బురుజు మీద ఒక్క పైపర్ మీదే వెలుగు వేస్తారు.

కర్ర తిప్పే ఆయన డ్రమ్ మేజర్. ఆ కర్ర మోగుతున్న వాద్యాల మధ్య మాటకు బదులు. ఎత్తితే ఒక ఆజ్ఞ, అడ్డంగా పట్టుకుంటే మరొకటి. సంగీతానికి మాత్రం పైప్ మేజరే పెద్ద. పెద్ద డ్రమ్ము వాయించేవాడి ఒంటిమీద చిరుత చర్మం చూసే ఉంటారు. పూర్వం నిజం చర్మాలే కప్పుకునేవారు, ఇప్పుడు చాలా బ్యాండ్లలో నకిలీవి.

ప్రశ్న: స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా మన సైన్యం ఆ వాద్యాన్ని ఎందుకు వదులుకోలేదు? జనవరి 29న ఢిల్లీలో బీటింగ్ రిట్రీట్ చూసినప్పుడల్లా ఈ సందేహం వస్తుంది.
– ఒక విశ్రాంత ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: అయ్యా, వదులుకోవడానికి అది అప్పటికే పరాయిదిగా మిగల్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో స్కాటిష్ పటాలాలతో కలిసి పోరాడిన గూర్ఖా, సిక్కు మొదలైన దళాలు ఈ వాద్యాన్ని అందిపుచ్చుకున్నాయి. సైన్యం నుంచి పల్లెలకూ పాకింది. ఉత్తరాఖండ్ కొండల్లో పెళ్ళి ఊరేగింపులో వాయించే మశక్‌బీన్ ఇదే వాద్యం. దాన్ని ఊదే మనిషికి స్కాట్లండ్ పేరు తెలియనక్కరలేదు. తయారీ కూడా ఇక్కడికే వచ్చింది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఈ వాద్యాలను ప్రపంచమంతటికీ ఎగుమతి చేస్తుంది, మన మీరట్‌లోనూ చేస్తారు. పోటీల స్థాయి స్కాటిష్ పైపర్లు ఆ చౌక వాద్యాల పేరెత్తితే ముఖం చిట్లిస్తారు గాని, వాళ్ళు మురిసిపోయే వాద్యాల నల్లకర్ర కూడా ఆఫ్రికాలోని టాంజానియా, మొజాంబిక్‌ల నుంచి రావలసిందే. మన అఖిల భారత పోలీసు బ్యాండ్ పోటీల్లో పైప్ బ్యాండ్లకు విడిగా విభాగమే ఉంది. హరికాంభోజి చట్రంలో ఇమిడే దేశీ వరసలు ఆ తొమ్మిది స్వరాల్లో హాయిగా ఒదుగుతాయి. కోమల రిషభమో ప్రతిమధ్యమమో కావలసిన రాగాల దగ్గరే చిక్కు.

ప్రశ్న: అబర్డీన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి సహోద్యోగులు కొందరు సైనిక కవాతును గర్వంగా చూస్తారు, కొందరు ‘బిస్కెట్ డబ్బా మీది బొమ్మ’ అని కొట్టిపారేస్తారు. ఏది సరైన దృష్టి? అసలైన వారసత్వం చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?
– ఒక ఇంజనీరు, అబర్డీన్

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. కవాతులో కనిపించేది సైన్యం తన కొలతకు కత్తిరించి కుట్టిన స్కాట్లండ్. దక్షిణాన లోలాండ్స్ వారికి కిల్టూ లేదు, గేలిక్ భాషా లేదు. హైలాండర్లను ఆటవికులుగా చూసిన కాలమూ ఉంది. 1881 సైనిక సంస్కరణల తర్వాత లోలాండ్ పటాలాలకు కూడా టార్టాన్ పంట్లాములు తొడిగారు. అలా పర్వత ప్రాంతపు వేషం దేశమంతటి వేషమైంది. పాటల సంగతీ అంతే. కొండల గాలి వీచినట్టుండే ‘టిరోల్ పచ్చని కొండలు’ అనే ప్రసిద్ధ మార్చ్ ఇటలీకి చెందిన రోసీనీ 1829 నాటి ఒపేరాలోది. క్రిమియా యుద్ధంలో సార్డీనియా సైనిక బృందం వాయిస్తుంటే 93వ హైలాండర్ల పైప్ మేజర్ జాన్ మెక్‌లాయిడ్ విని, తన చాంటర్‌కు ఎక్కించుకున్నాడని చెబుతారు. 1972లో రాయల్ స్కాట్స్ డ్రగూన్ గార్డ్స్ అనే పటాలం పైపుల మీద వాయించిన ‘అమేజింగ్ గ్రేస్’ బ్రిటన్ రికార్డుల పట్టికలో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. దాని మాటలు ఒక ఇంగ్లీషు మతాచార్యుడివి.

ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. మన పెళ్ళిళ్ళలో క్లారినెట్ వచ్చి కూర్చున్నట్టే ఏ జాతి సంగీతమైనా దొరికినది కలుపుకుంటుంది. నాకు కష్టం తోచేది మరోచోట. కవాతుకు వేల టిక్కెట్లు అమ్ముడవుతుంటే, ఆ పెద్ద సంగీతం పుట్టిన గేలిక్ భాషను మాట్లాడగలిగినవారు 2022 జనాభా లెక్కల్లో సుమారు 70 వేల మందే తేలారు. 54 లక్షల మంది దేశంలో! పాటల పేర్లు గేలిక్‌లో ప్రకటించే చోట ఆ పేరుకు అర్థం తెలిసినవాళ్ళు పది మంది ఉంటారో లేదో.

మీరు ఎక్కడికి వెళ్ళాలని అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో జరిగే ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలకు వెళ్ళండి. సైనికులవి తక్కువ. గనుల ఊళ్ళు, పోలీసు శాఖలు, పల్లెలు, విశ్వవిద్యాలయాల నుంచి సుమారు 200 బ్యాండ్లు వస్తాయి. లానార్క్‌షైర్ బొగ్గు గనుల ప్రాంతం నుంచి 1910లో పుట్టిన షాట్స్ అండ్ డైక్‌హెడ్ వంటి బ్యాండ్ల వంశవృక్షం ఏ తెగ నాయకుడి కోటకూ పోదు. ఒక తేడా గమనించండి: కవాతులో బ్యాండు మన వైపు నడిచి వస్తుంది, పోటీలో మాత్రం వాళ్ళు వలయంగా నిలబడి, మనకు వీపు చూపించి, ఒకరి వేళ్ళు ఒకరు చూసుకుంటూ వాయిస్తారు. సంగీతం వాళ్ళకోసం వాళ్ళు చేసుకుంటున్నట్టుంటుంది.

అయితే పోటీ వలయం దగ్గర కన్నా ముందు, చెట్ల కింద శ్రుతి చేసుకునే చోట నిలబడండి. పైప్ మేజర్ ఒక్కొక్కరి ముందుకూ వచ్చి ఆగుతాడు. చాంటర్ రంధ్రాలమీద అంటించిన నల్ల టేపును గోటితో ఆవగింజంత కిందికి జరుపుతాడు. భుజం మీది శ్రుతి గొట్టం అతుకు దగ్గర మైనం పట్టించిన దారం చుట్టి ఉంటుంది, దాన్ని పట్టుకుని గొట్టాన్ని కాస్త పైకి లాగుతాడు, చెవి ఒగ్గి వింటాడు, మళ్ళీ కొంచెం దింపుతాడు. రెండు గొట్టాల నాదాల మధ్య వణుకు నెమ్మదించి, నెమ్మదించి, ఒక చోట పూర్తిగా ఆగిపోతుంది. తల ఊపి, పక్క మనిషి దగ్గరికి వెళతాడు. వాన పడినా, ఎండ కాసినా ఇదంతా మళ్ళీ మొదటి నుంచీ చేయాలి. గొడుగు తీసుకెళ్ళడం మరవకండి.